చాలని ఊపిరి

నోటీసు సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు అంటించారు. తొమ్మిదింటికల్లా దాని మీద మసి వేలిముద్రలు పడ్డాయి. ఎవరివని అడగాల్సిన పని లేదు. గాజు ఊదేవాళ్ళు ఎనిమిదిమంది. ఎనిమిదిమందీ వేలు పెట్టి చదివారు.

అందులో మూడు వాక్యాలున్నాయి. గాజు ఊదేవాళ్ళందరూ కడుపులో ఉండే సూక్ష్మజీవి కోసం శ్వాస పరీక్ష చేయించుకోవాలి. ఉన్నట్టు తేలినవాళ్ళను గొట్టం పని నుంచి తప్పించి, మళ్ళీ చెప్పేదాకా ప్యాకింగ్‌లో వేస్తారు. పరీక్షకు రానివాళ్ళకు అది ఉన్నట్టే లెక్క. కింద మేనేజరు సంతకం.

ఆ కంపెనీలో ప్రయోగశాలలకు కావాల్సిన గుండ్రటి ఫ్లాస్కులు చేస్తారు. బట్టీలో గాజు కరుగుతుంది. పొడవాటి ఇనుప గొట్టం కొసను అందులో ముంచి, ముద్ద అంటుకున్నాక, రెండో కొసను నోట్లో పెట్టుకుని ఊదుతారు. గొట్టాలు ఐదు, ఊదేవాళ్ళు ఎనిమిదిమంది. గొట్టం వేడిగా ఉంటేనే గాజు పట్టుకుంటుంది కాబట్టి ఒకరు దించగానే ఇంకొకరు అందుకుంటారు. అందుకున్నవాళ్ళు నోటి కొసను ఏప్రన్ అంచుతో తుడిచి నోట్లో పెట్టుకుంటారు. కంపెనీ పెట్టినప్పటి నుంచీ పద్ధతి అదే. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

కిందటి నెల వాళ్ళలో ఒకతను, అందరూ పొడుగోడు అని పిలిచేవాడు, పని మధ్యలో నెత్తురు కక్కుకున్నాడు. ఆసుపత్రిలో కడుపులో పుండు ఉందన్నారు, పుండుకు కారణం ఒక సూక్ష్మజీవి అన్నారు. గొట్టం ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పోతుందన్న సంగతి మేనేజరుకు అప్పుడు గుర్తొచ్చింది.

పొడుగోడు పదిరోజులకు పనిలోకి వచ్చాడు. నోటీసు చదివి, పక్కనున్న ఆమె వైపు తిరిగాడు.

"తిత్తక్కా, నీకు కడుపులో మంట ఉంది కదూ?"

"బట్టీ ముందు నిలబడ్డదానికి మంట కడుపులో కాక ఇంకెక్కడుంటుంది రా."

"నేనూ అలాగే అనేవాణ్ణి."

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. తిత్తి అంటే కొలిమి తిత్తి. ఆ పేరు మేనమామ పెట్టాడు. ఆయన ఇదే బట్టీ దగ్గర ఊదేవాడు, ఆమెకు పని నేర్పింది ఆయనే. ఆమె ఇక్కడ చేరి ఇరవై రెండేళ్ళు. చేతులు బార చాపితే గానీ పట్టని పెద్ద ఫ్లాస్కులు, గోడ కాగితమంత పలచగా ఉండేవి, ఆమె ఒక్కతే చేస్తుంది. మిగతా ఏడుగురూ శిక్షణ కేంద్రం నుంచి వచ్చినవాళ్ళు, చిన్నవి చేస్తారు.

మేనమామకు కూడా కడుపునొప్పి ఉండేది. యాభై రెండో ఏట ఆయన్ని ప్యాకింగ్‌లో వేశారు. నాలుగు రోజులని చెప్పారు. ఏడేళ్ళు ఆయన అక్కడ బల్ల ముందు కూర్చుని, మేనకోడలు ఊదిన ఫ్లాస్కులకు కాగితం చుట్టాడు. ఆ బల్ల దగ్గర్నుంచి బట్టీ దగ్గరికి తిరిగి వచ్చినవాళ్ళను తిత్తక్క ఇంతవరకు చూడలేదు.

కంపెనీ నర్సు ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చింది. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి కడుపుమంట మాత్రలు మానేయాలి. పరీక్ష రోజు ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. తిత్తక్క నాలుగేళ్ళుగా ప్రథమ చికిత్స పెట్టెలోంచి రోజుకో మాత్ర తీసుకుని వేసుకుంటోంది. ఆ పెట్టె తాళంచెవి నర్సు దగ్గరే ఉంటుంది.

మానేసిన మూడో రోజుకు నొప్పి వీపులోకి పాకింది. ఇంట్లో అత్త, భర్త తల్లి, చూస్తూనే ఉంది. అత్తకు డెబ్బై దాటాయి, చెవులు బాగా వినిపిస్తాయి, నోరు అంతకంటే బాగా పనిచేస్తుంది.

"అలా గోడ పట్టుకుని వేలాడే బదులు ఆ మాత్ర ఏదో వేసుకోరాదా? నిన్నెవరు చూస్తున్నారు?"

"వేసుకుంటే అది అణిగి ఉంటుందట అత్తా. పరీక్షలో దొరకదట."

అత్త ఆలోచించింది. "దొరక్కపోతే నీకే కదా మంచిది. లేదని రాసిస్తారు. నీ గొట్టం నీకుంటుంది."

తిత్తక్కకు ఆ ఆలోచన రాకపోలేదు. నర్సు కాగితం ఇచ్చిన రోజే వచ్చింది.

"దొంగచాటుగా ఎందుకు ఊదాలి? నేనేం తప్పు చేశాను?" అంది. "ఉంటే ఉందని తెలియాలి. మా మేనమామ అది ఉందో లేదో తెలియకుండానే పోయాడు."

"మీ మామ మొండివాడు."

"అందుకే నేనిలా ఉన్నాను."

"అది వేరే చెప్పాలా," అని అత్త వేడినీళ్ళు తేవడానికి లేచింది.

పరీక్ష ఆసుపత్రి రెండో అంతస్తులో. ఎనిమిదిమందినీ ఒకే రోజు పంపారు. గదిలో ఎనిమిది కుర్చీలు, ఒక సింక్, బల్ల మీద ఒక యంత్రం. యంత్రం రొట్టెల పెట్టె అంత ఉంది. టెక్నీషియన్‌కు ముప్పై ఐదేళ్ళుంటాయి. చెప్పాల్సింది రోజుకు ఎన్నోసార్లు చెప్పేవాడిలా చెప్పాడు.

ముందు ఒక సంచిలోకి ఊదాలి. సంచి వెండి రంగులో, చెయ్యంత ఉంటుంది. దానికి నీలం మూత. తర్వాత ఒక పొడి కలిపిన నీళ్ళు తాగాలి. పొడిలో యూరియా ఉంటుంది. సూక్ష్మజీవి కడుపులో ఉంటే దాన్ని విరగ్గొడుతుంది. అందులోంచి పుట్టిన వాయువు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వచ్చి ఊపిరితో పాటు బయటికి వస్తుంది. అందుకని అరగంట కదలకుండా కూర్చుని, ఎరుపు మూత సంచిలోకి మళ్ళీ ఊదాలి. రెండు సంచుల్లో తేడా ఉంటే సూక్ష్మజీవి ఉన్నట్టు.

"ఊదడం మాకు నేర్పక్కర్లేదు తమ్ముడూ," అన్నాడు పొడుగోడు. ఎనిమిదిమందీ నవ్వారు.

రిపోర్టులు కంపెనీకి మూడో రోజు వచ్చాయి. నలుగురికి లేదు. పొడుగోడికీ, ఇంకో ఇద్దరికీ ఉంది. తిత్తక్క కాగితం మీద "శాంపిల్ చాలదు, మళ్ళీ చేయాలి" అని ఉంది.

ఆ రోజంతా బట్టీ దగ్గర అదే మాట. తయారైన ఫ్లాస్కులు తక్కువ, హాస్యాలు ఎక్కువ. చిన్న ఫ్లాస్కులు చేసే ఒకావిడ తన ఏప్రన్ జేబు చూపించి, "అక్కా, ఇది కాస్త ఊదిపెట్టు, నీ ఊపిరి పలచబడిందేమో చూద్దాం," అంది. తిత్తక్క నవ్వింది. సంచి బిగుసుకునేదాకా ఊదిన సంగతి ఆమెకు తెలుసు. గుండ్రంగా, ముడత లేకుండా నింపింది. అలా నింపినది ఆ గదిలో ఆమె ఒక్కతే.

పొడుగోడు, మిగతా ఇద్దరూ మర్నాడు ప్యాకింగ్ బల్ల ముందు కూర్చున్నారు. అదే బల్ల.

వారం తర్వాత తిత్తక్క మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ పస్తు, మళ్ళీ రెండు సంచులు. టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు. వేరే అమ్మాయి సంచులు ఇచ్చి, తీసుకుని, మూతలు పెట్టింది. రిపోర్టు మళ్ళీ అదే. శాంపిల్ చాలదు.

మేనేజరు తన గదికి పిలిచాడు. అద్దాల గది, లోపలి నుంచి బట్టీ కనిపిస్తుంది. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు.

"ఏమ్మా, ఇక్కడ ఎన్నేళ్ళుగా ఊదుతున్నావు?"

"ఇరవై రెండు సార్."

"పెద్దవి ఊదేది నువ్వొక్కదానివే."

"అవును సార్."

"చెయ్యంత సంచి రెండుసార్లూ నింపలేకపోయావు."

"నింపాను సార్. నిండిందో లేదో నాకు తెలియదా?"

"మరి మిషన్ ఎందుకు చాలదంటోంది? మిగతా ఏడుగురివీ చాలాయి. వాళ్ళు నీకంటే బాగా ఊదుతారా?"

ఆమె రెండు కాగితాలూ తన వైపు తిప్పుకుని మళ్ళీ చదివింది. 

"కావాలని చేస్తున్నావని నేననను," అన్నాడు ఆయన. "అనేవాళ్ళున్నారు. ఇంకో అవకాశం ఇస్తాను. గురువారం లోపల సరైన రిపోర్టు తీసుకురా. ఈసారి కూడా చాలకపోతే పరీక్షకు రానట్టే."

"రానట్టే అంటే ఉన్నట్టే."

"నోటీసు చదివావు కదా."

"కంఠస్థం వచ్చింది సార్."

మంగళవారం మూడోసారి. భర్త బస్సు డ్రైవరు, ఆ రోజు దూరం డ్యూటీ. అత్త తోడు వచ్చింది. తోడు అవసరం లేదని తిత్తక్క అన్నా వినలేదు. ఆ సంచి సంగతేంటో కళ్ళారా చూస్తానంది.

టెక్నీషియన్ రెండు పాత రిపోర్టులూ చూశాడు. గదిలో ఈసారి వేరే ఎవరూ లేరు. ఆయన కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, పస్తుండడం, మాత్రలు మానేయడం అన్నీ సరిగ్గా చేశారు. ఇప్పుడు ఊదండి. నేను చూస్తాను."

ఆమె ఊదింది. సంచి నాలుగు సెకన్లలో బిగుసుకుంది. ఆయన సంచి వైపు చూడలేదు, ఆమె ముఖం వైపు, తర్వాత మెడ వైపు చూశాడు. సంచి తీసుకెళ్ళి యంత్రానికి తగిలించి, తెర మీద అంకె చూసి వచ్చాడు.

"మీ ఛాతీ కదల్లేదక్కా."

"ఎందుకు కదులుతుంది?"

"ఊదితే కదలాలి కదా."

"కదిలితే మా మామ ఒక్కటిచ్చేవాడు," అంది ఆమె. నేర్చుకునే రోజుల్లో ఆయన ఆమెను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గుండెల మీద అగ్గిపెట్టె నిలబెట్టి, గొట్టం ఊదమనేవాడు. అగ్గిపెట్టె పడితే ఆ రోజు బట్టీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఛాతీతో ఊదితే గాలి ఒక్కసారిగా పోతుంది, పలచటి గోడ పగులుతుంది. బుగ్గల్లో గాలి పట్టి, బుగ్గలతోనే తోయాలి. తోస్తూ తోస్తూ ముక్కుతో కొద్దికొద్దిగా పీల్చి, ఆ పీల్చినదాన్ని లోపలికి పోనివ్వకుండా మళ్ళీ బుగ్గల్లోకి తెచ్చుకోవాలి. పద్నాలుగు నెలలకు అగ్గిపెట్టె పడడం మానేసింది. ఆ తర్వాత ఆమె దేన్నైనా అలాగే ఊదింది.

టెక్నీషియన్ పూర్తిగా విన్నాడు. విని, తల గోక్కున్నాడు.

"అదే అక్కా తేడా. ఈ గాలి గొంతు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. బయట గాలికీ దీనికీ పెద్ద తేడా లేదు. మిషన్‌కు ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి కావాలి. రక్తానికి తగిలి వచ్చిన గాలి. మామూలు మనుషులు ఊదితే అదే వస్తుంది."

"అంటే నేను మామూలు మనిషిలా ఊదాలి."

"అంతే."

అంత సులువుగా రాలేదు. పెదాలకు ఏదైనా తగిలితే చాలు, ఆమె బుగ్గలు వాటంతట అవే నిండాయి. టెక్నీషియన్ ఆమెను బుగ్గలు రెండు వేళ్ళతో నొక్కి పట్టుకోమన్నాడు. పట్టుకుంటే గాలే రాలేదు. దగ్గమన్నాడు. దగ్గితే సంచి ఎగిరి సింక్‌లో పడింది. సంచులు రెండు వృథా అయ్యాయి.

అంతవరకు నోరు మూసుకుని ఉండడం అత్తకు కష్టమైంది.

"బాబూ, దానికి ఊదమని చెప్పకు. ఊదమంటే అది చేసేది అదే. ఉస్సూరుమనమని చెప్పు."

"ఏంటి మామ్మగారూ?"

"ఉస్సూరుమనడం తెలియదా? నీకు పెళ్ళి కాలేదా?" అని అత్త కుర్చీలో వెనక్కి వాలి, భుజాలు పైకెత్తి గాలి పీల్చి, ఒక్కసారిగా భుజాలు వదిలేసి, పొట్ట లోపలికి పోయేదాకా ఊపిరి వదిలింది. చివర్లో గొంతులోంచి చిన్న మూలుగు కూడా వచ్చింది. "ఇలా. ఇది కడుపు అడుగు నుంచి వస్తుంది. నాకు దీంట్లో యాభై ఏళ్ళ అనుభవం."

టెక్నీషియన్ నవ్వాడు. "మామ్మగారు చేసింది సరిగ్గా అదే అక్కా. మధ్యలో పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి, అంతే."

"పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు," అంది అత్త. "ఇది నా ఇంట్లో ఒక్కసారి ఉస్సూరుమని ఉంటే ఒట్టు. నేను ఎన్నన్నా సరే, చెక్కలా నిలబడి వింటుంది. ఇప్పుడు తెలిసింది, ఊపిరి బుగ్గల్లో దాచుకుంటోంది."

"నువ్వు అంటే నేను ఉస్సూరుమనాలా అత్తా?"

"అను. నేనేం అనుకోను."

తిత్తక్క కళ్ళు మూసుకుంది. గాలి పీల్చింది. టెక్నీషియన్ పది లెక్కపెట్టాడు. ఆమె భుజాలు వదిలేసింది. మొదటిసారి సగంలో బుగ్గలు అడ్డొచ్చాయి. రెండోసారి రాలేదు. సంచి ముడతలు ముడతలుగా, సగానికి కొంచెం ఎక్కువగా నిండింది. ఆమె దాన్ని చూసి ముఖం చిట్లించింది. ఫ్లాస్క్ అయితే పగలగొట్టి పడేసేది.

టెక్నీషియన్ తెర చూసి బొటనవేలు ఎత్తాడు. ఆమె పొడి నీళ్ళు తాగి అరగంట కూర్చుంది. ఆ అరగంటా అత్త మాట్లాడింది. ఎరుపు మూత సంచిలోకి రెండో ఉస్సూరు వెళ్ళింది.

యంత్రం ఐదు నిమిషాలు తీసుకుంది. కాగితం బయటికి వచ్చింది. టెక్నీషియన్ దాన్ని చదివి, ఆమె చేతికి ఇచ్చాడు.

"ఉందక్కా."

ఆమె అంకె చూసింది, దాని పక్కనే ఎంతకు మించితే ఉన్నట్టో రాసిన అంకె చూసింది. చాలా మించింది.

"కంపెనీకి ఒక కాపీ పోతుంది," అన్నాడు టెక్నీషియన్. "రేపు సాయంత్రానికి."

"పోనీ. నేనే ముందు ఇస్తాను."

కింద డాక్టరును చూశారు. ఆయన రెండు వారాలకు మందులు రాశాడు. పొద్దున, సాయంత్రం, ఒక్క పూట కూడా మానకూడదు. అయ్యాక నాలుగు వారాలు ఆగి మళ్ళీ శ్వాస పరీక్ష. చాలామందికి ఒక్క విడతలో పోతుంది, కొందరికి రెండోది కావాలి.

"ఇది గొట్టం మీదుగా వచ్చిందా సార్?" అని అడిగింది ఆమె, గొట్టం సంగతి చెప్పి.

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "చాలామందికి చిన్నతనంలోనే ఇంట్లో వస్తుంది. నోటి ద్వారా వస్తుందని అనుకుంటున్నాం. మీకు గొట్టం వల్లే వచ్చిందని చెప్పలేను. రాలేదనీ చెప్పలేను."

"పని మానమంటారా?"

"పని మానమని నేను రాయలేదమ్మా. మందులు మానొద్దని రాశాను."

బస్సు స్టాపు దగ్గర ఆమె రిపోర్టునూ మందుల చీటీనీ కలిపి మడిచి దాచుకుంది.  బస్సు ఎక్కాక తిత్తక్క అంది, "గొట్టం మీదుగా వస్తుందంటే గొట్టం మార్చాలి. రాదంటే మనిషిని మార్చకూడదు. రెండింట్లో ఏదైనా, నేను ప్యాకింగ్‌లో ఎందుకు కూర్చోవాలి?"

"నన్నడిగితే ఏం లాభం? నేను మేనేజర్నా?"

"మేనేజరుతో అనబోయేది ముందు నీ మీద అని చూసుకుంటున్నాను. తప్పుంటే చెప్పు."

అత్త కిటికీ వైపు చూసింది. నీ మాటలో తప్పుంది అనే అవకాశం ఆమె పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ వదులుకోలేదు. "లేదు," అంది.

బుధవారం ఉదయం తిత్తక్క మరమ్మతుల షెడ్డుకు వెళ్ళింది. అక్కడ లేత్ మీద పనిచేసే ముసలాయన్ని అందరూ బాబాయి అంటారు.

"బాబాయ్, ఇత్తడి ముక్కలు పడున్నాయా?"

"దేనికి?"

ఆమె గొట్టం నోటి కొస కొలత చెప్పింది. దాని మీద తొడుక్కునేలా, బొటనవేలంత పీక కావాలి. తొడిగితే బిగుతుగా ఉండాలి, లాగితే రావాలి. ఎనిమిది కావాలి. ఒకదానికి ఒక గీత, ఇంకోదానికి రెండు, అలా ఎనిమిది గీతల దాకా, ఎవరిది వాళ్ళకు తెలిసేలా. గొట్టం ఎవరి చేతికి మారినా, పీక మాత్రం ఎవరిది వాళ్ళ జేబులో ఉంటుంది. పని అయ్యాక మరిగే నీళ్ళలో వేస్తారు.

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు."

"నాకూ తట్టలేదు."

"మేనేజరు చీటీ ఉందా?"

"లేదు."

"చీటీ లేకుండా నేను చేయను," అని ఆయన ఇత్తడి కడ్డీ ఒకటి వెతికి లేత్‌కు బిగించాడు. "సాయంత్రం వచ్చి, నేను చేయనివి పట్టుకుపో."

గురువారం ఎనిమిదికి పది నిమిషాల ముందు తిత్తక్క తన రిపోర్టును నోటీసు పక్కన అంటించింది. నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది. తర్వాత ప్యాకింగ్ బల్ల దగ్గరికి వెళ్ళి, పొడుగోడి ముందు మూడు పీకలు పెట్టింది. ఏం చేయాలో చెప్పింది. ఎప్పుడు రావాలో చెప్పలేదు.

ఆ రోజు బట్టీలో గాజు కరిగే కుండలో ఉన్నది పెద్ద ఫ్లాస్కుల గాజు. ఆమె ఏప్రన్ కట్టుకుని, జేబులోంచి ఎనిమిది గీతల పీక తీసి గొట్టానికి తొడిగింది. మిగతా నలుగురికీ వాళ్ళవి ఇచ్చింది.

"ఎవరి పీక వాళ్ళు చూసుకోండి," అంది. "నాది పోయిందని పక్కవాళ్ళ పీక పట్టుకోవద్దు."

మేనేజరు ఎనిమిదిన్నరకు వచ్చాడు. నోటీసు బోర్డు ముందు కాసేపు ఆగాడు. తర్వాత బట్టీ దగ్గరికి వచ్చాడు. ఆయన అంత దగ్గరికి రావడం అరుదు, వేడి ఆయనకు పడదు.

"ఏమ్మా, అది ఎవరు అంటించారు?"

"నేనే సార్. నా కడుపు, నా కాగితం."

"ఉన్నట్టు వచ్చింది. మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"పని సార్."

"ప్యాకింగ్ అటు."

"తెలుసు సార్. మా మామ అక్కడ ఏడేళ్ళు కూర్చున్నాడు. ఒక్క మాట అడగొచ్చా?"

ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఈ పురుగు గొట్టం మీదుగా వస్తుందా, రాదా?"

"అది డాక్టర్లు చెప్పాలి."

"అడిగాను. తెలియదన్నారు. నోటీసు వాళ్ళది కాదు కదా, మీది. మీరు చెప్పండి."

"రావచ్చనే కదా ఇదంతా."

"వస్తే ఎనిమిదిమందికి ఐదు గొట్టాలు ఇచ్చిందెవరు? మా కడుపులన్నీ చూశారు. గొట్టం వైపు ఒక్కరైనా చూశారా? ఆ నలుగురూ ఇవాళ బాగున్నారు. అదే గొట్టం ఊదితే రేపు ఏమవుతారు? అప్పుడు వాళ్ళనూ ప్యాకింగ్‌లో వేస్తారా? ఊదడానికి మీరొస్తారా?"

నలుగురిలో ఎవరో నవ్వు ఆపుకున్నారు.

"రాదంటే," అని ఆమె ఆగలేదు, "మమ్మల్నెందుకు తీశారు?"

"రూలు ఒకసారి పెట్టాక..."

ఆమె ఏప్రన్ జేబులోంచి పెన్ను తీసింది. పెన్ను కూడా తెచ్చుకుంది.

"రెండే మాటలు సార్. వస్తుంది, రాదు. ఏదో ఒకటి నోటీసు మీద రాసి సంతకం పెట్టండి. వస్తుందని రాస్తే గొట్టాలు మార్చిన మీదట మాట్లాడదాం. రాదని రాస్తే నేను నా పని చేసుకుంటాను."

మేనేజరు పెన్ను వైపు చూశాడు, తీసుకోలేదు. ఆయన చూపు గొట్టం కొస మీద పడింది.

"ఏంటది?"

"పీక. ఎవరిది వాళ్ళకే."

"ఎవరు చేశారు?"

"ఎవరూ చేయలేదట సార్."

"ఇలా ఇవ్వు, చూస్తాను."

"ఇంకొకరి చేతికి ఇవ్వకూడదనే కదా సార్ ఇది. మీకు కావాలంటే మీకొకటి చేయించుకోండి."

అప్పుడు ప్యాకింగ్ వైపు తలుపు తెరుచుకుంది. పొడుగోడు ముందు, వెనక ఇద్దరు. చొక్కాల మీద కాగితం ముక్కలు అంటుకుని ఉన్నాయి. ముగ్గురూ వచ్చి మేనేజరు పక్కనుంచి నడిచి, మూల కొక్కేలకు ఉన్న తమ ఏప్రన్లు తీసుకున్నారు. 

"నీ మీదా, ఈ ముగ్గురి మీదా రిపోర్టు రాస్తాను," అన్నాడు మేనేజరు.

"రాయండి సార్," అన్నాడు పొడుగోడు. ఏప్రన్ ముడి బిగించుకున్నాడు. "రాయండి. అక్క అడిగింది కూడా అందులో రాయండి."

తిత్తక్క పెన్ను జేబులో పెట్టుకుంది. కుండ మూత తీసింది. గొట్టాన్ని ముంచి, తిప్పి, ముద్దను ఎత్తింది. పెద్ద ఫ్లాస్క్ ముద్ద మోకాలంత ఉంటుంది. ఎత్తాక ఎవరితోనూ మాట్లాడడానికి వీల్లేదు, ఆగడానికీ వీల్లేదు. గొట్టం తిరుగుతూ ఉండాలి, లేకపోతే గాజు ఒక వైపు జారుతుంది. ఎర్రటి ముద్ద మేనేజరు మోచేతికి రెండడుగుల దూరంలో తిరుగుతోంది. ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆమె ఊదడానికి చోటు కావాలి, ఆయన నిలబడింది ఆ చోట్లోనే.

"జరగండి సార్," అంది.

ఆయన జరగలేదు. ఆమె గొట్టం తిప్పుతూనే ఉంది. ఆయన వెనక ఏడుగురు నిలబడి చూస్తున్నారు, ఎవరి పీక వాళ్ళ గుప్పిట్లో ఉంది. గాజు రంగు ఎరుపు నుంచి ముదురు ఎరుపులోకి దిగుతోంది. ఇంకో పది లెక్కపెడితే అది ఊదడానికి పనికిరాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"జరగండి," అని మళ్ళీ అంది, మొదటిసారి అన్నంత నెమ్మదిగానే.

మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె పీక నోట్లో పెట్టుకుంది.